ద్రాక్షతోటలో కావలి కుక్కలు: ఐదు నెలలు, ఆరు ఊళ్ళు ఆడాక నా రివ్యూ

ఆట పేరు ‘డాగ్స్ ఇన్ ది విన్‌యార్డ్’. విన్సెంట్ బేకర్ రాసిన టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాట్లాడుతూ, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆట, 2004లో వచ్చింది. మేము హైదరాబాద్‌లో శనివారం సాయంత్రాలు నలుగురం కూర్చుని ఐదు నెలల్లో ఆరు ఊళ్ళు పూర్తి చేశాం (ఈ ఆటలో ఒక్కో ఊరు ఒక్కో కథ). చాలా ఏళ్ళుగా ఇలాంటి ఆటలు ఆడుతున్నాను కానీ, సెషన్ అయిపోయాక ఇంటికెళ్ళి మా నాన్నకి ఫోన్ చేసి ఎప్పటిదో ఊళ్ళో జరిగిన సంగతి అడగడం మాత్రం ఇదే మొదటిసారి, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

బైబిల్లో యెషయా గ్రంథం చదివినవాళ్ళకి ఈ పేరు వినగానే రెండు చోట్లు గుర్తొస్తాయి. ఐదో అధ్యాయంలో ద్రాక్షతోట, యాభై ఆరో అధ్యాయంలో మొరగలేని మూగకుక్కల్లాంటి కావలివాళ్ళు. నాకు వెంటనే అవే గుర్తొచ్చాయి, ఎందుకంటే నేను గుంటూరు జిల్లా పల్లెటూళ్ళో సండే స్కూల్లో వాక్యాలు కంఠస్థం చేస్తూ పెరిగినవాడిని. మా టేబుల్ దగ్గర మిగతావాళ్ళు అలా కాదు. ఒకతను శ్రీవైష్ణవ కుటుంబం, ఇప్పటికీ సంధ్యావందనం మానడు. ఒకమ్మాయి దేవుడు లేడని గట్టిగా నమ్ముతుంది. గేమ్ మాస్టర్, అంటే కథ నడిపించేవాడు, ఈ విషయంలో ఏమనుకుంటాడో ఐదు నెలల తర్వాత కూడా నాకు తెలియదు, ఈ ఆటకి అలాంటి మనిషే కావాలని ఇప్పుడు అనిపిస్తోంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తాను. కథ అమెరికా పశ్చిమ ప్రాంతంలో, పంతొమ్మిదో శతాబ్దంలో జరుగుతుంది. అచ్చంగా చరిత్ర కాదు, కానీ ఎక్కడి నుంచి తీసుకున్నారో పుస్తకం దాచదు. మోర్మన్లు, అంటే అమెరికాలో పుట్టిన ఒక మతశాఖ వాళ్ళు, యూటాలో కట్టుకున్న సమాజం అది. వాళ్ళు 1847 జులైలో సాల్ట్ లేక్ లోయకి చేరారు, 1849లో డెసెరెట్ అనే సొంత రాష్ట్రం కావాలని అడిగారు, అమెరికా ప్రభుత్వం అది ఇవ్వకుండా 1850లో యూటా టెరిటరీ (రాష్ట్ర హోదా లేని ప్రాంతం) అని పెట్టింది, రాష్ట్ర హోదా రావడానికి 1896 దాకా పట్టింది. ఆటలో ఆ జనానికి ‘విశ్వాసులు’ అని పేరు, దేవుణ్ణి ‘జీవపు రాజు’ అంటారు, తూర్పు నుంచి పెత్తనం చేసేది టెరిటోరియల్ అథారిటీ. బహుభార్యత్వం కూడా ఉంది, నిజమైన మోర్మన్ల నాయకత్వం దాన్ని వదిలేస్తున్నట్టు ప్రకటించింది 1890లోనే కదా. రచయిత ఆ మతపు వాతావరణం తెలిసినవాడు. అందుకే పుస్తకంలో ఎక్కడా ఆ జనాన్ని వెక్కిరించడు, వాళ్ళ భక్తిని భక్తిగానే చూపిస్తాడు. నాకు మొదట నచ్చింది ఇదే. మతం గురించి రాసే ఆటల్లో పూజారి అంటే దొంగ, భక్తుడు అంటే వెర్రివాడు అన్నట్టు రాసేయడం చాలా చూశాను.

మనం ఆడేది ‘డాగ్స్’ని, అంటే దేవుడి కావలి కుక్కల్ని. ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న కుర్రాళ్ళు, అమ్మాయిలు. బ్రైడల్ ఫాల్స్ సిటీలోని ఆలయంలో శిక్షణ పొంది, ఇంటివాళ్ళు ముక్కలు ముక్కలుగా కలిపి కుట్టిన రంగురంగుల కోటు వేసుకుని, జీవగ్రంథం (వాళ్ళ పవిత్ర గ్రంథం), ఒక జాడీలో పవిత్రమైన మట్టి, తుపాకీ పట్టుకుని గుర్రాల మీద ఊరూరూ తిరుగుతారు. ఉత్తరాలు పంచుతారు, పిల్లల్ని దీవిస్తారు, పెళ్ళిళ్ళు చేస్తారు. ఊళ్ళో పాపం ఉంటే దాన్ని వెతికి పట్టుకుని తీర్పు చెప్తారు. వాళ్ళ తీర్పు మీద అప్పీలు లేదు. ఊరి సంఘానికి ఒక స్టీవార్డ్ ఉంటాడు, మన బైబిల్ తెలుగులో గృహనిర్వాహకుడు అంటాం, ఆయన అరవై ఏళ్ళ పెద్దమనిషి అయినా సరే ఇరవై ఏళ్ళ కోటు కుర్రాడి ముందు నిలబడాలి.

ఆ ఊళ్ళని తయారుచేసే పద్ధతి గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ పుస్తకంలో సగం బలం అక్కడే ఉంది. గేమ్ మాస్టర్ ఊరిని మెట్లు మెట్లుగా కడతాడు. మొదట ఎవరో ఒకరి గర్వం. దాని వల్ల అన్యాయం. అన్యాయం వల్ల పాపం. పాపం ముదిరితే దయ్యాలు ఊరి మీద పడతాయి, అంటే కరువు, జ్వరాలు, పంట నాశనం. అప్పుడు జనం తమ పాపాన్ని సమర్థించుకునే తప్పుడు బోధ మొదలవుతుంది, దాన్నుంచి చెడిపోయిన ఆరాధన, దాన్నుంచి దొంగ యాజకులు, క్షుద్రవిద్య, చివరికి ద్వేషం, హత్య. ఊరు ఏ మెట్టు మీద ఉందో గేమ్ మాస్టర్‌కి మాత్రమే తెలుసు, మనం గుర్రాలు దిగేసరికి ఊరు పైకి మామూలుగానే ఉంటుంది. ఎక్కడో ఒకాయన తనది కాస్త ఎక్కువ అనుకోవడంతో మొదలైంది చివరికి పిల్లల జ్వరాల దాకా ఎలా వస్తుందో వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి కనుక్కోవాలి. చిన్నప్పుడు ప్రసంగాల్లో ‘నాశనమునకు ముందు గర్వము నడచును’ అని వందసార్లు విన్నాను కానీ అది ఒక ఊరి నిర్మాణంలా, కాలువలూ గోడలూ పెళ్ళిళ్ళతో సహా కళ్ళ ముందు కనిపించింది ఇక్కడే.

ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది, ఇలాంటి ఆటల్లో అన్నిటికంటే పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినవాళ్ళు దీన్ని బాగా పట్టించుకోవాలి. ఆ ఆటలో నీతి అనేది క్యారెక్టర్ షీట్ (మన పాత్ర వివరాలు రాసుకునే కాగితం) మీద రాసి ఉండే ఒక గడి. 1974లో మూడు పక్షాలే ఉండేవి, చట్టం, తటస్థం, అరాచకం. తర్వాత తొమ్మిది అయ్యాయి. పాత రూల్స్‌లో పాలడిన్ (దేవుడి తరఫున పోరాడే యోధుడి పాత్ర) తన శక్తితో చూస్తే ఎదుటివాడు చెడ్డవాడో కాదో తేలిపోతుంది, ఇక కొట్టడమే తరువాయి. నేను పాలడిన్‌గా రెండేళ్ళు ఆడాను, మంచి రోజులే, కానీ ఒక్కసారి కూడా నా దేవుడు తప్పు చెప్తున్నాడేమో, నేను తప్పు విన్నానేమో అన్న ప్రశ్న రాలేదు. రావడానికి దారే లేదు, జవాబు ముందే రాసి ఉంది కాబట్టి.

ద్రాక్షతోటలో ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు. గేమ్ మాస్టర్‌కి పుస్తకం గట్టిగా చెప్పే విషయం ఏమిటంటే, ఊరి సమస్యకి నీ దగ్గర పరిష్కారం ఉంచుకోకు, ఆటగాళ్ళ తీర్పు సరైందో కాదో నువ్వు చెప్పకు. ఊళ్ళో పాపం నిజం, దయ్యాలు నిజం (ఎంత పచ్చిగా కనిపించాలన్నది ఎవరి గుంపు వాళ్ళు ముందే అనుకోవచ్చు), దేవుడి చట్టం కూడా నిజమే. అంటే ధర్మం ఉందా లేదా అని కాదు ఆట అడిగేది, ఉంది అని ముందే ఒప్పేసుకుంటుంది. ఉన్న ధర్మానికి నోరు నువ్వేనా, నీ నోట్లోంచి వచ్చేదంతా అదేనా అని అడుగుతుంది. నాస్తికులు, ఆస్తికులు ఒకే టేబుల్ దగ్గర గొడవ పడకుండా కూర్చోగలిగింది ఇందుకే అనుకుంటాను.

ఇక పాచికలు. మామూలు ఆటల్లోలా ఒకటి వేసి గెలిచావు, ఓడావు అని తేల్చేయడం ఉండదు. గొడవ మొదలయ్యే ముందు ఏం పణంగా ఉందో అందరూ అనుకుంటారు, ఉదాహరణకి ‘ఈయన తప్పు ఒప్పుకుంటాడా లేదా’. క్యారెక్టర్‌కి నాలుగు గుణాలు ఉంటాయి, చురుకుదనం, దేహం, హృదయం, సంకల్పం అనుకోండి. మాటలతో మొదలుపెడితే చురుకుదనం, హృదయం పాచికలు గుప్పెడు తీసి వేస్తారు, అవి టేబుల్ మీద అలాగే అందరికీ కనబడుతూ ఉంటాయి. నా వంతు వస్తే రెండు పాచికలు ముందుకు తోసి ఒక మాట అంటాను. ఎదుటివాడు వాటి మీది అంకెల మొత్తానికి సమానంగా లేదా అంతకంటే ఎక్కువ వచ్చేలా తన పాచికలు పెట్టాలి. ఒక్క పాచికతోనే సరిపెడితే నా మాట నాకే తిప్పికొట్టినట్టు, రెండింటితో అయితే తప్పించుకున్నట్టు, మూడు కావాల్సి వస్తే దెబ్బ తగిలినట్టు. దెబ్బ తగిలితే గొడవ ముగిశాక ఫలితం పాచికలు వేయాలి. మాటలైతే నాలుగు ముఖాల పాచికలు, చేతులైతే ఆరు, ఆయుధాలైతే ఎనిమిది, తుపాకీ అయితే పది. పెద్ద అంకెలు పడితే మనిషి పోతాడు. మాటలు మనిషిని చంపలేవు కానీ రెండు నాలుగులు పడ్డాయంటే మనిషిని ఎప్పటికీ మార్చేయగలవు.

పాచికలు అయిపోతే రెండే దారులు. ఓడిపోయానని వదిలేయడం, లేదా ఒక మెట్టు పైకి వెళ్ళడం. మాటల నుంచి తోపులాటకి వెళ్తే కొత్త పాచికలు వస్తాయి. తోపులాట నుంచి కొట్లాటకి, అక్కణ్ణుంచి తుపాకీకి వెళ్తే ఇంకా కొత్త పాచికలు. తుపాకీ తీస్తే దానికి అదనంగా ఒక పాచిక కూడా. అవతల ఉన్నది సొంత తమ్ముడైనా సరే రూల్ ఇదే.

మూడో ఊళ్ళో జరిగింది చెప్తాను, అప్పుడు ఈ రూల్ ఏం చేస్తుందో అర్థమవుతుంది.

ఆ ఊరికి ఒక కాలువ ఉంది. ఇది ఊరికే పెట్టిన వివరం కాదు, మోర్మన్లు ఆ లోయలో అడుగుపెట్టగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి వాగుకి అడ్డుకట్ట కట్టి గట్టి నేలని తడిపి దున్నుకోవడం. మా ఆటలో ఆ కాలువ తవ్వించిన ఆసామి, కష్టం నాది కాబట్టి నీళ్ళు మొదట నా పొలానికే అన్నాడు. కింద ఉన్న నాలుగు కుటుంబాలకి నీళ్ళు అందలేదు. ఒకావిడ రాత్రిపూట వెళ్ళి నీళ్ళు ఆపే కాలువ తలుపు పగలగొట్టింది. తర్వాత పిల్లలకి జ్వరాలు వచ్చాయి. ఆసామి తమ్ముడు ఆదివారం ఆరాధనలో, నీళ్ళు ఎవరికి అందుతున్నాయో వాళ్ళే జీవపు రాజుకి ఇష్టులు అని బోధించడం మొదలుపెట్టాడు.

మా కుటుంబానికి నాగార్జునసాగర్ కుడి కాలువ కింద కొంచెం పొలం ఉండేది. చివరి భూములు. చివరి భూములంటే ఏమిటో కాలువ కింద సేద్యం చేసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. పైవాళ్ళు నాట్లు వేసుకున్నాక కూడా మా నాన్న రాత్రుళ్ళు టార్చి పట్టుకుని గట్టు మీద కాపలా కూర్చోవడం నాకు గుర్తుంది. గేమ్ మాస్టర్‌కి ఈ సంగతి తెలియదు, అతను యూటా చరిత్ర చదివి ఆ ఊరు తయారుచేశాడు. నేను మాత్రం ఆ ఆసామి పేరు వినగానే తీర్పు రాసేసుకున్నాను, ఇంకా అతని ఇంటి గుమ్మం కూడా తొక్కలేదు.

అతన్ని సంఘం ముందు నిలబెట్టి తప్పు ఒప్పించాలని నా పణం. మాటలతో మొదలుపెట్టాను. జీవగ్రంథం చదివాను, పవిత్రమట్టి చేతిలోకి తీసుకున్నాను, పాచికలు బాగానే పడ్డాయి. కానీ అతను చాలా బాగా మాట్లాడాడు, అంటే గేమ్ మాస్టర్ అతన్ని చెడ్డవాడిలా ఆడలేదు. తను తవ్విన ఏడాది గురించి చెప్పాడు. ఆ ఏడాది ఎవరూ పలుగు పట్టుకు రాలేదని, తన పెద్దకొడుకు ఆ కాలువ గట్టు కూలి చనిపోయాడని చెప్పాడు. చివరికి రెండు పాచికలు ముందుకు తోసి, “మీ అమ్మ ఈ కోటు కుట్టేటప్పుడు నువ్వు ఎవరి గుమ్మం ముందు ఇలా నిలబడతావని అనుకుని ఉంటుంది బాబూ?” అన్నాడు.

నా దగ్గర పనికొచ్చే పాచికలు లేవు. మిగిలినవన్నీ ఒకట్లు, రెండ్లు. వదిలేయొచ్చు. వదిలేస్తే ఆకాశం ఏం విరిగిపడదు, ఇంకో దారి వెతకొచ్చు, మిగతా ఇద్దరూ అదే అన్నారు కూడా. నేను తుపాకీ తీశాను. కొత్త పాచికలు చేతినిండా వచ్చాయి, తీసినందుకు బాగా అనిపించింది కూడా, అది దాచడం లేదు. ఆసామి చిన్నకొడుకు, పదహారేళ్ళ పిల్లాడు, మధ్యలోకి వచ్చాడు. పది ముఖాల పాచికలు పడ్డాయి.

పిల్లాడు బతకలేదు. ఆసామి మోకాళ్ళ మీద పడి తప్పు ఒప్పుకున్నాడు, నేను పణం గెలిచాను. గేమ్ మాస్టర్ గొంతు ఏమాత్రం మార్చకుండా, “సరే, దేవుడి తీర్పు అయింది. తలుపు ఎవరు తెరుస్తారు?” అని అడిగాడు. మేము వెళ్ళి తలుపు తెరిచాం, కింద పొలాలకి నీళ్ళు వెళ్ళాయి, జ్వరాలు తగ్గాయి. ఎవరి కోసమైతే ఇదంతా చేశామో ఆ నాలుగు కుటుంబాలూ మేము గుర్రాలెక్కే దాకా ఇళ్ళలోంచి బయటికి రాలేదు.

ఆ రాత్రి బండి మీద ఇంటికి వెళ్తూ నేను ఆలోచించింది పిల్లాడి గురించి కాదు, ఆ ఒక్క క్షణం గురించి. నా మాటలు అయిపోయిన చోటే నా దేవుడికి కోపం వచ్చింది. పాచికలు అలా టేబుల్ మీద కళ్ళెదురుగా లేకపోతే నేను దాన్ని ఎప్పటికీ చూసేవాణ్ణి కాదు, నీతి కోసం చేశాననే చెప్పుకునేవాణ్ణి. మాటలతో గెలుస్తున్నంత సేపూ నాకు తుపాకీ తీయమని జీవపు రాజు చెప్పలేదు. జవాబు లేక ఓడిపోతున్నప్పుడే చెప్పాడు.

ఇంటికెళ్ళాక మా నాన్నకి ఫోన్ చేశాను. నా చిన్నప్పుడు మా వీధిలో ఒక అత్త వరసావిడ ఉండేది. హిందువుల అబ్బాయిని రిజిస్టర్ పెళ్ళి చేసుకుంది. ‘అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి’ అనే వాక్యం మీద సంఘ పెద్దలు ఆమెని ప్రభువు బల్లకి (ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారానికి) రాకుండా ఆపేశారు, ఆ పెద్దల్లో మా తాతయ్య కూడా ఉన్నాడు. మా తాతయ్య మంచివాడు, ఇది మనవడి ప్రేమతో అనే మాట కాదు, ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే చెప్తారు. అంత మంచివాడు ఆ పని ఎలా చేశాడని నాకు చిన్నప్పటి నుంచీ అడగాలని ఉండేది, ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు నాన్నని అడిగాను, అసలు ఏం జరిగింది అని. నాన్న చాలాసేపు గుర్తు చేసుకుని చెప్పాడు. పెద్దలు మొదట ఆమె ఇంటికి మూడుసార్లు వెళ్ళారట, మెత్తగానే మాట్లాడారట. మూడోసారి ఆమె, “మామయ్యా, నేను ఆయన్ని చేసుకోవడం తప్పా, మీకు చెప్పకుండా చేసుకోవడం తప్పా?” అని అడిగిందట. ఎవరూ ఏమీ అనలేదట. లేచి వచ్చేశారు. తర్వాతి ఆదివారమే బల్ల ఆపేశారు.

నేను ఫోన్ పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, నాన్న లైన్ కట్ అయిందేమో అనుకుని రెండుసార్లు హలో అన్నాడు.

సరే, ఆట దగ్గరికి వస్తాను. మిగతా ఇద్దరి అనుభవం కూడా చెప్పాలి, నాది ఒక్కటే చెప్తే అన్యాయం. మా శ్రీవైష్ణవ స్నేహితుడు మొదటి రెండు ఊళ్ళలో చాలా ఇబ్బంది పడ్డాడు, ఈ దేవుడు నాకు తెలియదు, ఈయన తరఫున నేనెలా మాట్లాడను అని. తర్వాత అతనే ఒక మాట అన్నాడు, సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకి భీష్ముడు ధర్మం సూక్ష్మం అని తప్పుకున్నాడు కదా, ఈ ఆట అలా తప్పుకోనివ్వదు, సూక్ష్మమైనా సరే ఇప్పుడు ఈ ఊళ్ళో చెప్పు అంటుంది అని. అది చాలా సరైన మాట. అతని క్యారెక్టర్ ఐదో ఊళ్ళో సొంత అన్న మీద గొడవకి దిగి, గెలిచే పాచికలు చేతిలో ఉండగానే వదిలేశాడు. మా క్యాంపెయిన్ మొత్తంలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయిన దృశ్యం అదే.

దేవుడు లేడనే అమ్మాయి మాలో అందరికంటే భక్తిగల కుక్కని ఆడింది. నేను ఎగతాళిగా ఆడుతుందేమోనని భయపడ్డాను, అలా ఒక్కసారి కూడా చేయలేదు. నాలుగో ఊరు అయ్యాక, నమ్మకం లేకుండానే తీర్పులు చెప్పడం తనకి ఇంత తేలిగ్గా రావడం భయంగా ఉందని చెప్పింది. తనకి బయట కూడా కొన్ని విషయాల్లో రెండో మాట ఉండదట, ఎవరైనా తప్పు మాట అంటే వాళ్ళతో స్నేహం అక్కడితో కట్. ఆ కట్ చేసే చెయ్యీ, కోటు వేసుకున్న చెయ్యీ ఒకేలా కదిలాయి అంది. తన మాటలు నేను సరిగ్గా రాస్తున్నానో లేదో, భావం మాత్రం ఇదే.

ఇప్పుడు లోపాలు. పెద్దవే ఉన్నాయి.

అన్నిటికంటే పెద్దది ‘పర్వత జనం’ విషయం. ఆ భూమి మీద విశ్వాసులు రాకముందు నుంచీ ఉన్నవాళ్ళకి ఆటలో పెట్టిన పేరు అది. నిజంగా ఆ నేల యూట్, షోషోన్, పయూట్, గోషూట్ జాతులది. పుస్తకంలో వాళ్ళు ఊరి అంచున నిలబడే నీడల్లా ఉంటారు, వాళ్ళ నేల ఎలా పోయిందన్నది ఎవరి పాపం లెక్కలోకీ రాదు. గర్వం, అన్యాయం అని అన్ని మెట్లు కట్టిన ఆటలో అసలు మొదటి అన్యాయమే లేకపోతే ఎలా? రెండో ఊరి తర్వాత నేను ఇది గట్టిగా అడిగాను. గేమ్ మాస్టర్ ఒప్పుకుని ఆరో ఊరి సమస్యని అక్కడి నుంచే మొదలుపెట్టాడు, అంటే కాలువకి నీళ్ళు వచ్చే వాగు అసలు ఎవరిది అన్న దగ్గర్నుంచి. మేము దిద్దుకున్నాం, కానీ పుస్తకం దిద్దుకోలేదు. రచయితే తర్వాత ఈ పుస్తకం అమ్మకం ఆపేశాడు, మా దగ్గర ఉన్నది గేమ్ మాస్టర్ అంతకు ముందెప్పుడో కొనుక్కున్న కాపీ.

రెండోది, ఈ ఆట వెనకున్న చరిత్ర ఎంత బరువో పుస్తకం చదివితే తెలియదు. నాలుగో ఊరి ముందు గేమ్ మాస్టర్ మాకు మౌంటెన్ మెడోస్ అనే చోట జరిగిన ఊచకోత గురించి చెప్పాడు. 1857 సెప్టెంబరులో దక్షిణ యూటాలో స్థానిక మోర్మన్ మిలీషియా (ఊరివాళ్ళ సాయుధ దళం) మనుషులు, వాళ్ళతో కలిసిన కొందరు పయూట్లు, కాలిఫోర్నియాకి బళ్ళ మీద వెళ్తున్న సుమారు 120 మంది వలసదారుల్ని చంపేశారు. తెల్లజెండా చూపించి, రక్షణగా తీసుకెళ్తాం అని నమ్మించి చంపారు. పదిహేడు మంది చిన్నపిల్లల్ని మాత్రమే వదిలారు. శిక్ష పడి ప్రాణం పోయింది ఒక్కడికే, జాన్ లీ అనే అతనికి, అది కూడా ఇరవై ఏళ్ళ తర్వాత 1877లో. అక్కడున్నవాళ్ళు ప్రార్థన చేసుకునే మనుషులే. ఇది విన్న తర్వాత మూడో ఊళ్ళో నేను చేసింది కథలా అనిపించడం మానేసింది. ఈ ఆట ఎవరైనా మొదలుపెడితే గేమ్ మాస్టర్ ఈ చరిత్ర ముందే చదువుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మూడోది పూర్తిగా రూల్స్ సంగతి. ముగ్గురు ఆటగాళ్ళు, అవతల ముగ్గురు ఊరివాళ్ళు ఒకే గొడవలో ఉంటే పాచికలు లెక్కపెట్టుకోవడానికే గంట పడుతుంది. ఎవరి గుప్పెడు ఎవరిదో తెలియక మేము చివరికి స్టీల్ పళ్ళాలు తెచ్చి ఒక్కొక్కరి ముందు పెట్టుకున్నాం. పాచికలు కూడా చాలా కావాలి, నాలుగు, ఆరు, ఎనిమిది, పది ముఖాలవి అన్నీ, ఒక్క సెట్‌తో పని జరగదు. మేము ఆన్‌లైన్‌లో నాలుగు సెట్లు తెప్పించాం, అవీ చాలక లూడో పాచికలు కలిపాం. ఇంకో మాట, తర్కం బాగా వచ్చినవాళ్ళు పాచికల లెక్క ముందే వేసుకుని ఆడేయగలరు, అలా ఆడితే ఆట చచ్చిపోతుంది.

పుస్తకంలో నాకు బాగా నచ్చిన చిన్న విషయాలు రెండు. క్యారెక్టర్ తయారయ్యాక అసలు కథకి ముందు శిక్షణ రోజుల్లోంచి ఒక దృశ్యం ఆడతారు, అక్కడ మన క్యారెక్టర్ ఏం సాధించి ఉంటే బాగుండునో మనమే చెప్పి దాని కోసం పాచికలు వేస్తాం. నేను ‘కోపాన్ని అణచుకోవడం నేర్చుకున్నాను’ అని పెట్టి ఓడిపోయాను. ఆ రోజు దాన్ని పట్టించుకోలేదు. రెండోది, దెబ్బల ఫలితం వేసేటప్పుడు ఏ పాచిక మీదైనా ఒకటి పడితే దాన్నుంచి మనకి అనుభవం వస్తుంది, అంటే ఈ ఆటలో మనిషి ఎదిగేది దెబ్బ తిన్నప్పుడే. గెలుస్తూ పోయేవాడు అలాగే ఉండిపోతాడు.

ఎవరితో ఆడాలి అంటే, బాగా తెలిసినవాళ్ళతో మాత్రమే. కొత్తవాళ్ళతో, ఏదో కేఫ్‌లో పరిచయమైన గుంపుతో వద్దు. మేము మొదటి రోజే ఏవి చూపించకూడదో కాగితం మీద రాసుకున్నాం, పిల్లల మీద హింస వివరంగా చెప్పకూడదు, ఆడవాళ్ళ మీద అత్యాచారం కథలో ఉండకూడదు అని. మూడో ఊళ్ళో ఆ పిల్లాడి చావుని గేమ్ మాస్టర్ ఒక్క వాక్యంలో దాటేశాడు, ఆ కాగితం వల్లే. ఎవరి మతాన్నైనా ఎదురుగా ఉన్నవాడి మతంతో పోల్చి దెప్పకూడదన్నది ఇంకో మాట, దాన్ని ఐదు నెలలూ ఎవరూ దాటలేదు. పక్కా భక్తులు ఆడొచ్చా అని ఒకరు నన్ను అడిగారు. నేను ఆడాను, ఇప్పటికీ ఆదివారం మందిరానికి వెళ్తున్నాను. ప్రార్థనలో ఒక్క క్షణం ఆగే అలవాటు మాత్రం కొత్తగా వచ్చింది, ఎవరి గురించైనా ‘ప్రభువా, వాళ్ళని మార్చు’ అని అడిగే ముందు.

అసలు పుస్తకం ఇప్పుడు కొత్తగా కొనడానికి దొరకదు, పాత కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే అడిగి చదవండి. ఆ పాచికల పద్ధతిని మాత్రం తీసుకుని, మోర్మన్ నేపథ్యం తీసేసి ‘డాగ్స్’ అనే పేరుతో ఇంకొకరు చేసిన వెర్షన్ ఉంది, దాంతో ఏ కాలంలోనైనా ఏ ఊళ్ళోనైనా ఆడుకోవచ్చు. కొందరు దాన్ని మన ఊళ్ళకి తెచ్చుకుని రచ్చబండ, పెద్దమనుషుల తీర్పు అని ఆడదామంటున్నారు. నాకు తొందరగా ఆ పని చేయాలని లేదు. యూటా అంత దూరంలో ఉండబట్టే నేను ఆ ఆసామిని చూసినప్పుడు నాన్న టార్చి లైటు చూడగలిగాను, అదే మా ఊరు అయి ఉంటే మొదటి రోజే జాగ్రత్త పడిపోయేవాణ్ణి.

ఆరో ఊరు డిసెంబరులో అయిపోయింది. ఊరు వదిలేముందు క్యారెక్టర్ షీట్‌లో ఏం మార్చుకుంటారో ఆలోచించుకోమని పుస్తకం చెప్తుంది. నా షీట్‌లో మూడో ఊరి తర్వాత రాసుకున్న ‘తుపాకీ తీస్తే వింటారు’ అన్న లక్షణం ఇంకా అలాగే ఉంది, కొట్టేద్దామని మూడుసార్లు పెన్ను తీశాను, అది వాడకుండా ఒక ఊరు దాటితే గానీ కొట్టేయకూడదని ఆగాను. సంక్రాంతికి అందరం ఊళ్ళకి వెళ్ళొచ్చాక ఏడో ఊరు.